బోర్డు కోర్సుకు నిలబడ్డ ఉస్తాద్

వహీద్ ఉస్తాద్ చేతిలో పడి బాగుపడని ఫ్యాను లేదని నారాయణఖేడ్‌లో చెప్పుకుంటారు. అది పూర్తిగా నిజం కాదు. కానీ ఊరు ఒకసారి ఒక మాట అనుకున్నాక కాదని తిరగరాసే తీరిక ఎవరికుంటుంది? బస్ డిపో గోడకు ఎదురుగా రేకుల షెడ్డులో ఆయన దుకాణం. పేరు ‘సాలెహా ఎలక్ట్రికల్స్’. కొత్తగా పెళ్లయిన హుషారులో భార్య పేరు పెట్టుకున్నాడు. ఆ హుషారు ఇప్పుడెంత మిగిలిందో సాలెహా బేగాన్నే అడగాలి. బోర్డు మీద పేరు మాత్రం ముప్పై ఏళ్లుగా అలాగే ఉంది, రెండుసార్లు రంగు కూడా వేయించారు.

ఆయన పనిమంతుడు. ఇందులో వెటకారం లేదు. కాలిన మోటారును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి ఎన్ని చుట్లు మళ్లీ చుట్టాలో చెప్పేస్తాడు. తిరిగే కూలరు పక్కన చెవి పెట్టి ఏది అరిగిందో పట్టేస్తాడు. సిర్గాపూర్ నుంచి, నాగల్‌గిద్ద నుంచి ఆటోల్లో మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు ఒళ్లో పెట్టుకుని వచ్చేవాళ్లు మరో దుకాణం వైపు తల తిప్పరు.

అంతా బాగానే ఉండగా ఊళ్లోకి కొత్తరకం వాషింగ్ మెషీన్లు దిగాయి. పాతవాటికి మీట తిప్పితే మోటారు తిరిగేది, మోటారు ఉన్నచోట వహీద్‌కు తిరుగులేదు. కొత్తవాటికి మీట లేదు. వేలితో తాకితే కూత పెడతాయి, దీపాలు వెలుగుతాయి, ఏదైనా తేడా వస్తే ఒక ఇంగ్లీషు అక్షరం, దాని పక్కన ఒక అంకె చూపించి మొండికేస్తాయి. విప్పి చూస్తే లోపల అరచేయంత ఆకుపచ్చ పలక. దాని మీద ఆవగింజలంత ముక్కలు వందలకొద్దీ అతికించి ఉంటాయి. దీన్నే బోర్డు అంటారు, మెషీన్‌కు బుర్ర ఇదే. ఆ ముక్కల్లో ఏది చచ్చిందో ఏది బతికుందో వహీద్‌కు తెలియలేదు. వాసన చూశాడు, వాసన రాలేదు. చెవి పెట్టాడు, చప్పుడు లేదు.

నాకు రాదని ఆరోజే చెప్పి ఉంటే ఇంత కథ నడిచేది కాదు. కానీ ఉస్తాద్ అనిపించుకున్న నోటికి ఆ మాట తిరగదు. ‘వారం ఆగి రాండ్రి’ అన్నాడు. గురువారం నాడు పాత తువ్వాలులో బోర్డు చుట్టి, సంచి అడుగున పెట్టి, పైన టిఫిన్ డబ్బా పెట్టుకుని బీదర్ బస్సెక్కాడు. ఎక్కడికని అడిగినవాళ్లతో దర్గాకు అన్నాడు. అది అబద్ధం కాదు, దర్గాకు కూడా వెళ్లాడు. కాకపోతే అంతకు ముందు ఒక సందులో శివరాజ్ అనే బోర్డుల మెకానిక్ దగ్గరికి వెళ్లాడు.

శివరాజ్ మర్యాదస్తుడు. ‘బన్ని ఉస్తాద్, కూసోండ్రి’ అని కన్నడం కలిపి రమ్మంటూ స్టూలు వేస్తాడు. బోర్డు చేతిలోకి తీసుకోగానే మాత్రం ‘పోయి చాయ్ తాగి రాండ్రి’ అంటాడు. చాయ్ తాగి వచ్చేసరికి బోర్డు బాగై ఉంటుంది. ఏం చేశాడో కంటపడనివ్వడు. వహీద్ ఒకసారి చాయ్ వద్దన్నాడు. శివరాజ్ నవ్వి, సమోసా తినమన్నాడు. మూడేళ్లు ఇలాగే గడిచింది. ఉస్తాద్‌కు ఈ మధ్య భక్తి బాగా పెరిగిందని ఊరంతా మెచ్చుకుంది. పెరిగింది వాషింగ్ మెషీన్లని సాలెహా బేగానికి ఒక్కదానికే తెలుసు.

యాభై రెండేళ్ల వహీద్‌కు ఇప్పుడు ఉన్నది ఒక్కటే కోరిక. ఈ బోర్డు పని తన చేతులతో తాను నేర్చుకోవాలి, అదీ తనకు రాదన్న సంగతి ఊరికి తెలియకముందే. యాభై దాటినవాడు ఎవరి దగ్గర కూర్చుని నేర్చుకుంటాడు? సిగ్గుతో సగం చచ్చిపోతున్నాడు పాపం.

దారి చూపించింది సాలెహా బేగమే. ఆమె ఫోన్‌లో ‘చేతిపని’ అనే యాప్ ఉంది. హైదరాబాద్‌లో ఎవరో నడుపుతారు. అందులో చూసే ఆమె కేకులు చేయడం నేర్చుకుని, కాలనీలో పుట్టినరోజులన్నీ తన గుప్పిట్లో పెట్టుకుంది. ఒక ఆదివారం పొద్దున ఆమె ఫోన్ తెచ్చి భర్త ముందు పెట్టింది. వాళ్లింట్లో మాటలన్నీ ఉర్దూలోనే నడుస్తాయి, మనం తెలుగులో చెప్పుకుందాం.

“చూడుండ్రి, దీంట్ల ‘మీరే చెప్పండి’ అని ఒక పేజీ ఉంది. ఏ కోర్సు కావాల్నో మనం రాయొచ్చు. మిగిలినోళ్లు దానికి ఓట్లేస్తరు. నెలాఖరుకు దేనికి ఎక్కువ ఓట్లొస్తే దాన్ని తయారుచేస్తరు. మీ బోర్డులది రాస్త. చెవుల్ల వైర్లు పెట్టుకొని ఇంట్లనే నేర్చుకోండ్రి. గా శివరాజ్ చాయ్ తప్పుతది.”

వహీద్ ఆ పేజీ చూశాడు. ఒకరు పుట్టగొడుగుల పెంపకం అడిగారు. ఒకరు షేర్ మార్కెట్ అడిగారు. కోపం తగ్గించుకోవడం నేర్పమని ఎవరో అడిగితే దానికి మూడు ఓట్లే వచ్చాయి, రాసినాయనకు ఎంత కోపం వచ్చి ఉంటుందో. అన్నిటికన్నా పైన, మూడువందల పన్నెండు ఓట్లతో, పెళ్లికూతురి మేకప్ ఉంది. సాలెహా బేగం ‘వాషింగ్ మెషీన్, ఫ్రిజ్ బోర్డుల రిపేరు, తెలుగులో’ అని రాసింది. తన ఓటు తానే వేసింది. వహీద్ ఫోన్ నుంచి రెండోది పడింది. వారం తిరిగినా అవి రెండే ఉన్నాయి.

వహీద్ రోజుకు పదిసార్లు ఫోన్ తీసి ఆ రెండు ఓట్లూ ఉన్నాయో లేదో చూసుకునేవాడు. అది సుభాష్ కంట్లో పడింది. సుభాష్ ఒకప్పుడు వార్డు మెంబరు, తర్వాత రెండుసార్లు ఓడి, ఇప్పుడు ప్లాట్లు చూపిస్తూ తిరుగుతుంటాడు. పొద్దున ఒక చాయ్, సాయంత్రం ఒక చాయ్ వహీద్ దుకాణంలోనే తాగుతాడు. ఫోన్ చూస్తూ వహీద్ ‘రెండే ఓట్లు’ అని గొణిగిన మాట వినగానే ఆయన వెన్ను నిటారుగా లేచింది.

“ఏంది ఉస్తాద్, ఓట్లంటున్నవ్? దేనివి?”

“ఏం లేదు సుభాష్. గీ మెషీన్ బోర్డుల పని ఉంది గద. అది ఫోన్ల నేర్పాలె అని… మన పిల్లలు నేర్చుకుంటరని…”

నేను నేర్చుకోవాలని అనడానికి బదులు మన పిల్లలని అన్నాడు. ఆ రెండు మాటల మధ్య ఉన్న దూరమే ఆయన కొంప ముంచింది. సుభాష్‌కు విషయం వెంటనే అర్థమైపోయింది, తనకు అలవాటైన పద్ధతిలో.

“అంటే నువ్వు నిలబడ్డవన్నట్టు! ఇన్ని దినాలు చెప్పకపోతివి. ఎదురుగ ఎవరున్నరు?”

“పెండ్లిపిల్ల మేకప్.”

“మేకప్ ముంగట మన ఉస్తాద్ ఓడుతడా? ఊరి ఇజ్జత్ ఏం కావాలె? నువ్వు ఊకో, నేను చూసుకుంట.”

ఇక్కడ వహీద్ నోరు తెరిచి, నేను నిలబడలేదయ్యా, అది కోర్సు, మనిషి కాదు, అని చెప్పి ఉండాల్సింది. కానీ ఓట్లు కావాలి. మూడేళ్లుగా రాని పని ఇన్నాళ్లకు వచ్చేట్టుంది. చాయ్ గ్లాసు సుభాష్ చేతిలో పెట్టి ఊరుకున్నాడు.

తర్వాత మూడు వారాల పాటు నారాయణఖేడ్‌లో జరిగింది చూస్తే హైదరాబాద్‌లో ఆ యాప్ తయారుచేసినవాళ్లు కళ్లు తిరిగి పడిపోయేవాళ్లు. సుభాష్ డిపోలో బస్సు కోసం కూర్చున్నవాళ్ల ఫోన్లు ఒక్కొక్కటే అడిగి తీసుకుని యాప్ ఎక్కించి ఓటు వేయించాడు. ఆటోవాళ్లను పిలిచి ఊరూరికి మాట పంపాడు. వహీద్ ఉస్తాద్ నిలబడ్డడు, మన ఓటు ఉస్తాద్‌కే. జనం కూడా తమకు అలవాటైన ప్రశ్నలే అడిగారు. గుర్తు ఏందని అడిగారు. వాషింగ్ మెషీన్ అన్నాడు సుభాష్. ఎంత మెజార్టీ రావాలని అడిగారు. ఎదుటివాళ్లకు డిపాజిట్ దక్కొద్దన్నాడు. ఉస్తాద్ గెలిస్తే ఏం చేస్తాడని మాత్రం ఎవరూ అడగలేదు. అది అడిగే అలవాటు మనకు ఏ ఎన్నికల్లోనూ లేదు కదా.

ఓటు వేశాక యాప్‌లో కింద ఒక ఖాళీ గడి వచ్చేది. ‘ఈ పని బాగా తెలిసినవాళ్లు మీకు తెలిస్తే పేరు, ఊరు రాయండి’ అని ఉండేది. ఇష్టమైతేనే రాయాలి, లేకపోతే వదిలేయొచ్చు. సుభాష్‌కు అది అభ్యర్థి పేరు రాసే చోటుగా కనిపించింది. పేరు రాయకపోతే ఓటు ఎవరికి పడినట్టు? ‘వహీద్ ఉస్తాద్, నారాయణఖేడ్’ అని ప్రతి ఫోన్‌లోనూ తానే రాశాడు. తన చేయి అందని చోట ఎలా రాయాలో ఆటోవాళ్లకు నేర్పి పంపాడు.

ఓటు వేసినవాళ్లు దుకాణానికి వచ్చి ఆ సంగతి చెప్పి వెళ్లేవాళ్లు. ఉత్తచేతులతో వచ్చేవాళ్లు కాదు, చేతిలో ఒక మిక్సీయో ఫ్యానో ఉండేది. “మావి మూడు పడ్డయి ఉస్తాద్, గీ ఫ్యాన్ జర చూడరాదు” అనేవాళ్లు. ఎలా కాదంటాడు? ఆ నెలంతా వహీద్ ఓటర్ల ఫ్యాన్లన్నీ ఊరికే బాగుచేశాడు. నాగల్‌గిద్ద నుంచి కిష్టప్ప అనే రైతు వచ్చాడు. కంది, జొన్న వేసుకుని బతికే మనిషి, ఇంటికి పెద్ద. నాలుగు ఫోన్లు కండువాలో మూటగట్టి తెచ్చి బల్ల మీద పోశాడు.

“మా ఇంటివన్నీ ఇవే ఉస్తాద్. నాది, మా ముసల్దానిది, కొడుకుది, మన్మరాలిది. నాలుగూ నీకే. గెలిచినంక మా బట్టలుతికే మిషన్ సంగతి చూడాలె, మూడు నెల్లాయె మూలవడి.”

“చూస్త కిష్టప్పా, తప్పకుండ చూస్త,” అన్నాడు వహీద్. గెలిచేవాళ్ల నోటి నుంచి ఎప్పుడూ వచ్చే మాటే అది. తన నోట విని తానే కాస్త ఉలిక్కిపడ్డాడు.

నెలాఖరుకు బోర్డుల రిపేరుకు పదకొండువందల నలభై ఆరు ఓట్లు వచ్చాయి. పెళ్లికూతురి మేకప్ తొమ్మిదివందల దగ్గర ఆగిపోయింది. డిపో ముందు పటాకులు పేల్చారు. కోర్సుకు దండ వేయడం కుదరదు కాబట్టి వహీద్‌కు వేశారు. శాలువా కూడా కప్పారు. వహీద్ మనసులో మాత్రం ఒకటే సంతోషం: రెండు నెలలు ఓపిక పడితే చాలు, ఎవరో చదువుకున్న ఇంజనీరు ఫోన్‌లోకి వచ్చి ఒక్కొక్క ముక్కా చూపించి నేర్పుతాడు. అల్లా మేలు చేశాడనుకున్నాడు. ఆయన ముఖం అంత వెలిగిపోవడం చూసి, గెలుపంటే ఇట్లుండాలె అని సుభాష్ కళ్లు తుడుచుకున్నాడు.

నాలుగో రోజు ఫోన్ వచ్చింది. కూలరు విప్పుతూ చేతులు మురికిగా ఉన్నాయని వహీద్ స్పీకర్ పెట్టాడు. దుకాణంలో సుభాష్‌తో పాటు అయిదారుగురు ఉన్నారు.

“నమస్తే వహీద్ గారు, నా పేరు ఉమారాణి. చేతిపని నుంచి మాట్లాడుతున్నాను. మీ కోర్సు గెలిచినందుకు అభినందనలు సర్.”

“శుక్రియా మేడం. ఎప్పుడు మొదలైతది?”

“అది మీరే చెప్పాలి సర్. నేర్పాల్సింది మీరే కదా.”

వహీద్ చేతిలోని స్క్రూడ్రైవర్ అక్కడే ఆగిపోయింది. ఉమారాణి గొంతు మాత్రం తేనె పోసినట్టు సాగిపోతోంది. “ఈ పని బాగా తెలిసినవాళ్లు ఎవరని అడిగితే వెయ్యిమందికి పైగా మీ పేరే రాశారు సర్. మా కంపెనీ పెట్టిన దగ్గర్నుంచి ఇంతమంది ఒకే మనిషిని చెప్పడం మేం చూడలేదు. అందుకే ఇంకెవర్నీ వెతకలేదు.”

“మేడం, నేను… నాకు గా బోర్డుల పని…” అని తల ఎత్తాడు. ఎదురుగా అయిదారు ముఖాలు పెళ్లి ఊరేగింపు చూస్తున్నట్టు చూస్తున్నాయి. సుభాష్ ఛాతీ ఉప్పొంగిపోయి ఉంది. వహీద్ మాట మార్చాడు. “…పని ఎక్కువుంది మేడం. జర టైం కావాలె.”

“తప్పకుండా సర్, మీ వీలు చూసుకునే పెట్టుకుందాం.”

ఇంటికి పోయి చెబితే సాలెహా బేగం ముందు నవ్వింది, తర్వాత నవ్వు ఆపుకుని కోప్పడింది. “రాదని చెప్పేయుండ్రి. రెండు అక్షరాలు. కేకు కాలిపోతే కాలిపోయిందని నేను చెప్తలేనా?”

“కేకు వేరు. నన్ను ఉస్తాద్ అంటరు.”

“అంటే ఏమాయె? ఉస్తాద్ అన్నోళ్లే ఓట్లేసి మిమ్మల్ని గీ బావిల దింపిండ్రు.”

వహీద్ గురువారం బీదర్ పోయాడు. ఈసారి సంచిలో బోర్డు లేదు. శివరాజ్ ముందు కూర్చుని ఉన్నదంతా చెప్పేశాడు. నువ్వు వచ్చి నేర్పు, పేరు నీదే పెట్టిస్తా, లేకపోతే నాకైనా నేర్పు, అని బతిమాలాడు. ఆయన ఎవరినైనా బతిమాలడం అదే మొదటిసారి.

శివరాజ్ ఓపికగా విన్నాడు. తర్వాత తన ఫోన్ తీసి చూపించాడు. అందులోనూ బోర్డుల రిపేరుకు ఓటు పడి ఉంది. కింద గడిలో ‘వహీద్ ఉస్తాద్, నారాయణఖేడ్’ అని ఉంది.

“మీ ఆటోవాళ్లు ఇక్కడి దాకా వచ్చిండ్రు ఉస్తాద్. నేను కూడ ఏసిన.”

“నీకు తెలుసు గద నాకు రాదని! మరి ఎందుకేసినవ్?”

“అందుకే ఏసిన,” అన్నాడు శివరాజ్, ఏ కల్మషమూ లేకుండా. “ఎవడన్నా తెలిసినోడు వచ్చి నేర్పితే అందరూ నేర్చుకుంటరు, నా దుకాణం బంద్ ఐతది. మీరు నేర్పితే నాకు భయం లేదు. కోపం చేయబ్యాడ్రి. పోయి చాయ్ తాగి రాండ్రి.”

వహీద్ చాయ్ తాగలేదు. దర్గాకూ వెళ్లలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని నారాయణఖేడ్ వచ్చేదాకా బయటికే చూశాడు. ఇంత చక్కగా తనను ఎవరూ ఎప్పుడూ అవమానించలేదు, ఎందుకంటే శివరాజ్ చెప్పినదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు.

పదిహేను రోజులకు కోర్సు వీడియో తీస్తామంటే హైదరాబాద్ వెళ్లాడు. పోకూడదనే అనుకున్నాడు, కానీ సుభాష్ కారు మాట్లాడి, వెనక మరో నలుగురిని ఎక్కించి, ఇంటి ముందుకు తెచ్చి హారన్ కొట్టాడు. అక్కడ ఉమారాణి ఎదురొచ్చి మంచినీళ్లిచ్చింది. “మీరేం కంగారుపడకండి సర్, మాట్లాడాల్సిందంతా మావాళ్లే రాసేశారు, ఎదురుగా తెర మీద వస్తుంది, చదివితే చాలు,” అంది. రాసినవాళ్లకు ఈ పని తెలుసా అని వహీద్ ఆశగా అడిగాడు.

“ఇంటర్నెట్‌లో చూసి రాశారు సర్. తప్పులుంటే మీరు ఉన్నారు కదా చూడడానికి.”

ఇక ఆయన చదివాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో బోర్డు పట్టుకుని, ‘మనందరికీ తెలిసిన విషయమే’ అంటూ తనకు ఒక్కదానికీ అర్థం తెలియని మాటలు మూడు రోజుల పాటు గంభీరంగా చదివాడు. గొంతు బాగుందని అక్కడివాళ్లు మెచ్చుకున్నారు. సొంతంగా ఆయన చెప్పింది ఒకే ఒక్క మాట. విప్పేముందు కరెంటు ప్లగ్ పీకమన్నాడు. కోర్సు మొత్తంలో నమ్మదగిన మాట కూడా అదొక్కటే.

కోర్సు విడుదలైన రోజు నారాయణఖేడ్‌లో మళ్లీ పండగ. జనం తెరిచి, ఉస్తాద్ ముఖం కనపడగానే అయిదుకు అయిదు స్టార్లు ఇచ్చి మూసేశారు. లోపల ఏం చెప్పాడో చూసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. మనవాడికి ఇచ్చే మార్కులకు వినడం ఎందుకు? శిక్షకులందరిలో ఉస్తాద్‌దే మొదటి స్థానమని ఉమారాణి ఫోన్ చేసి మరీ చెప్పింది.

కోర్సును పూర్తిగా చూసినవాడు నిజానికి ఒక్కడే ఉన్నాడు. కిష్టప్ప వాషింగ్ మెషీన్ అప్పటికే దుకాణానికి వచ్చి చేరింది. వహీద్ షట్టరు సగం దించుకుని, దాని బోర్డు బల్ల మీద పెట్టుకుని, చెవుల్లో వైర్లు పెట్టుకుని తన పాఠం తానే వినడం మొదలుపెట్టాడు. ఎంతైనా రాసినవాళ్లు చదువుకున్నవాళ్లు, ఏదో ఒకటి తెలియకపోదనే ఆశ. ఫోన్‌లోని వహీద్ మూత తీయమంటే తీశాడు. మీటరు పెట్టమంటే పెట్టాడు. బాగానే నడుస్తోందనుకునేలోపు ఫోన్‌లోని వహీద్ సూటిగా ఇటే చూస్తూ అన్నాడు: “ఇప్పుడు మీ అనుభవాన్ని ఉపయోగించి, చెడిపోయిన భాగాన్ని గుర్తించండి.”

వెనక్కి జరిపి మళ్లీ విన్నాడు. మూడోసారి కూడా విన్నాడు. ఫోన్‌లో ఉన్నవాడిని లాగి ఒక్కటి కొడదామనిపించింది. అలాంటి కోపం పరాయివాళ్ల మీద వస్తే బయటికి పోతుంది, ఇది పోవడానికి చోటు లేదు. వైర్లు చెవుల్లోంచి తీసేసి, బోర్డు ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

ఆ కూర్చోవడంలో ఉండగానే కిష్టప్ప వచ్చాడు, పక్కన భార్య కాశమ్మ. ఆమె చేతులు నీళ్లలో నానీ నానీ పగిలి ఉన్నాయి, అయిదుగురి బట్టలు ఇన్ని నెలలుగా ఆమే పిండుతోంది. సుభాష్ ఎప్పటిలా చాయ్ గ్లాసుతో గుమ్మంలో ఉన్నాడు. షట్టరు పైకి తోసి కిష్టప్ప సంబరంగా అడిగాడు.

“ఐందా ఉస్తాద్? ఫోన్ల సూసినం నిన్ను. అచ్చం ఆఫీసర్ తీరుగున్నవ్.”

వహీద్ ఆ పగిలిన చేతుల వైపు చూశాడు. వారం ఆగి రాండ్రి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఈసారి దాన్ని బయటికి పోనివ్వలేదు.

“కిష్టప్పా, గీ బోర్డు పని నాకు రాదు.”

“ఏంది?”

“రాదు. ఎన్నడూ రాలె. మూడేండ్లసంది బీదర్ల శివరాజ్ అనేటాయనతోని చేయించుకొస్తున్న. ఫోన్ల చెప్పింది కూడ ఎవరో రాసిచ్చిండ్రు, నేను సదివిన.”

వహీద్‌కు గుండెల మీంచి బరువు దిగినట్టయింది, మూడేళ్లుగా ఇంత తేలిగ్గా ఊపిరి తీసుకోలేదు. తర్వాత కిష్టప్ప ముఖం మెల్లగా మారింది. కానీ అది వహీద్ అనుకున్నట్టు మారలేదు.

“గంతేనా ఉస్తాద్? నాలుగు ఓట్లు తీస్కునేటప్పుడు చూస్తనన్నవ్. గెలిచినవ్, ఫోన్లకెక్కినవ్, ఇగ రాదంటున్నవ్. అందరు గిట్లనే చేస్తరు, నువ్వు చెయ్యవనుకున్న.”

“నిజంగ రాదు కిష్టప్పా, అల్లా తోడు!”

“వెయ్యిమందికి నేర్పెటోనివి, నీకు రాదంటే సంటిపిల్లగాడన్న నమ్ముతడా?” అని సుభాష్ కూడా నొచ్చుకున్నాడు. “పెద్దోనివైనవ్, పేదోళ్ల పని చేయబుద్ధి కాకపోతే గా మాటే చెప్పు.”

వహీద్ ఇటు చూశాడు, అటు చూశాడు. మూడేళ్లు అబద్ధం చెబితే ఊరంతా నమ్మింది, ఒక్కసారి నిజం చెబితే మాట తప్పినవాడయ్యాడు. ఏడుపు కూడా వచ్చింది, ఇంతమంది ముందు మింగేశాడు. ఫోన్ తీసి ఉమారాణికి కలిపాడు. అందరూ వినాలని స్పీకర్ పెట్టాడు.

“మేడం, గా కోర్సు తీసేయండ్రి. నాకా పని రాదు. నేను నేర్పింది పనికిరాదు.”

“అయ్యో, అలా అనకండి సర్. మీ వినయం అది. మీకు నాలుగున్నర స్టార్లున్నాయి.”

“వినయం కాదు మేడం, రాదు! తీసేయండ్రి.”

“మేం తీయలేం సర్. కస్టమర్లు ఓటేసి తెచ్చుకున్న కోర్సు కదా. తీయాలన్నా వాళ్లే ఓటెయ్యాలి. ఎందుకు తీయాలో మీరు రాసి పెట్టండి, అయిదువందల ఓట్లు పడితే తీసేస్తాం.”

ఫోన్ పెట్టేసేసరికి సుభాష్ గ్లాసు కింద పెట్టి దగ్గరికి జరిగాడు. ఓట్లన్న మాట వినగానే ఆయన నొప్పి సగం తగ్గిపోయింది. “మల్ల ఎలక్షనా? ఈసారి ఏమని తిరగాలె? ఎదురుగ ఎవరున్నరు?”

“ఎదురుగ నేనే ఉన్న,” అన్నాడు వహీద్. “ఉస్తాద్‌కు పని రాదని తిరుగు. రాదని నిలబడ్డడు, ఓటెయ్యిండ్రని చెప్పు.”

“గా మాట మీద ఒక్క ఓటు రాలదు ఉస్తాద్. ఎవడేస్తడు?”

అప్పటిదాకా మెషీన్‌ను ఆనుకుని నిలబడి వహీద్ ముఖాన్నే చూస్తున్న కాశమ్మ, కొంగున కట్టుకున్న ఫోన్ ముడి విప్పి సుభాష్ ముందు బల్ల మీద పెట్టింది.

“పోయినసారి నా ఫోనూ, మా మన్మరాలు కోమల ఫోనూ ఈయనే గుంజుకచ్చిండు,” అంది మొగుడి వైపు చూపిస్తూ. “పిల్ల మేకప్‌కు ఏస్తనని ఏడ్సింది, ఇనలే. నన్నైతే అడగనే లేదు. గిప్పుడు నా ఓటు నేనేస్త. రాదని నాదెయ్యి బిడ్డా. ఉస్తాద్ మొఖం జూస్తుంటే ఎరుకైతనే ఉంది గద, రాదని.”